యాజకుడు వైద్యుడు కాడు: లేవీయకాండంలోని ‘కుష్ఠు’ను ఎలా చదవాలి?

ఇంటి గోడ మీద పచ్చగానో ఎర్రగానో మచ్చలు లేచి, గోడలోకి గుంటలు పడ్డట్టు కనిపిస్తే యజమాని వెళ్లి యాజకుడికి చెప్పాలి. ఆయన వచ్చేలోపు ఇంట్లో సామానంతా బయట పెట్టేయాలి. ఎందుకంటే, ఇంట్లో ఉన్నదంతా అపవిత్రం కాకుండా ఉండడానికని బైబిల్లోని లేవీయకాండము 14వ అధ్యాయమే చెబుతోంది. నిన్నటిదాకా ఆ గోడకు ఆనించి ఉన్న బట్టలూ కుండలూ ముందే గడప దాటితే పవిత్రమే. అంటురోగాన్ని ఆపాలని రాసే నియమం ఇలా ఉండదు.

కరోనా కాలంలో ఈ అధ్యాయాలను ప్రపంచంలోనే తొలి క్వారంటైన్ చట్టంగా చెప్పడం చాలా విన్నాం. అలా అనిపించడానికి కారణం లేకపోలేదు. 13వ అధ్యాయంలో ఒంటి మీది మచ్చను యాజకుడు పరీక్షించే తీరు చూడండి. మచ్చ మీది వెంట్రుక తెల్లబడిందా? మచ్చ చర్మం కంటే లోతుగా కనిపిస్తోందా? రెండూ ఉంటే అపవిత్రుడే. రెండూ లేకపోతే 7 రోజులు విడిగా ఉంచి మళ్లీ చూస్తారు. మచ్చ అలాగే ఉంటే ఇంకో 7 రోజులు. అప్పటికి వ్యాపించకుండా వన్నె తగ్గితే అది వట్టి పక్కు. బట్టలు ఉతుక్కుని ఇంటికి వెళ్లవచ్చు. వ్యాపిస్తే పాళెము, అంటే ఇశ్రాయేలీయుల గుడారాల విడిది, బయటే నివాసం. ఓపికగా, తొందరపడకుండా చేసే పరీక్ష ఇది. ఆ జాగ్రత్తకు గౌరవం ఇవ్వాల్సిందే.

అయితే అదే అధ్యాయంలో 12, 13 వచనాలు చదవండి. మచ్చ తల నుంచి కాళ్ల దాకా పాకి ఒళ్లంతా తెల్లబడితే ఆ మనిషి పవిత్రుడు! పచ్చిమాంసం కనిపించిన రోజే మళ్లీ అపవిత్రుడు. రోగం ఎంత పాకితే అంత ప్రమాదం అనుకునే వైద్యానికి ఇది పొసగదు. 11వ అధ్యాయం ఇంకా తేటగా చెబుతుంది. అపవిత్ర జంతువు కళేబరం మట్టికుండలో పడితే కుండ పగలగొట్టాలి. అదే కళేబరం ఊటలోనో నీటి తొట్టిలోనో పడితే నీళ్లు పవిత్రంగానే ఉంటాయి, కళేబరాన్ని తాకినవాడే అపవిత్రుడు. ఊరంతా తాగే నీటి విషయంలో ఏ ఆరోగ్యాధికారీ ఇలా రాయడు.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మశాస్త్ర సంకలనంలో యూదు పండితులు ఈ తర్కాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. తెల్లవారుజామున, సాయంసంధ్యలో, ఇంటి లోపల, మబ్బు పట్టిన రోజున మచ్చ చూడకూడదు, ఆ వెలుతురులో మసకది కూడా మెరుస్తుంది కాబట్టి. పెళ్లికొడుకు ఒంటి మీద మచ్చ వస్తే విందు జరిగే 7 రోజులూ పరీక్షే ఉండదు. మచ్చల సంగతి తెలిసినవాడు ఎవరైనా చూడవచ్చు, కానీ ‘అపవిత్రం’ అన్న మాట యాజకుడి నోట రావాలి. ఆయనకు తెలియకపోతే పక్కవాడు చెప్పించి మరీ అనిపిస్తాడు. అంటే ఆ మాట పలికినప్పుడే అపవిత్రత మొదలవుతుంది.

మరి ఇదంతా ఎందుకు? 15వ అధ్యాయం 31వ వచనం సూటిగా చెబుతుంది: జనం మధ్య ఉన్న దేవుని నివాసస్థలం అపవిత్రం కాకుండా ఉండడానికి. మలవిసర్జనకు పాళెము బయటికి వెళ్లి, ఆయుధాలతో పాటు ఉంచుకున్న చిన్న గసికతో గుంట తవ్వి కప్పేయమన్న ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం కూడా విరేచనాల మాట ఎత్తదు. దేవుడు పాళెములో సంచరిస్తాడు గనుక, అంటుంది. గుంట కప్పితే ఈగలు తగ్గి ఉంటాయి, నిజమే. కానీ అది ఫలితం, ఉద్దేశం కాదు.

యాజకుడు మందు ఇవ్వడు, కట్టు కట్టడు. నయమైన తర్వాతే ఆయన పాళెము బయటికి వెళ్తాడు. రెండు పక్షుల్లో ఒకదాన్ని మట్టిపాత్రలో పారేనీటి పైన చంపి, ఆ రక్తం 7 సార్లు చిలకరించి, రెండోదాన్ని పొలంలోకి వదిలేస్తాడు. కోలుకున్న మనిషి ఒంటి వెంట్రుకలన్నీ గొరిగించుకుని, స్నానం చేసి పాళెములోకి వస్తాడు. ఇంకో 7 రోజులు మాత్రం తన గుడారం బయటే ఉండాలి. 8వ రోజున మూడు గొఱ్ఱెపిల్లలు, పిండి, నూనె తేవాలి. బీదవాడైతే ఒక్క పిల్ల, రెండు గువ్వలు చాలు. వెలివేసినవాణ్ణి మళ్లీ లోపలికి తెచ్చుకోవడానికి ఇంత శ్రద్ధగా దారి రాసిపెట్టిన ఈ భాగం గురించి ప్రసంగాల్లో తక్కువ వింటాం. నా దృష్టిలో ఈ అధ్యాయాల ప్రాణం ఇక్కడే ఉంది.

ఇక మాట సంగతి. హీబ్రూలోని ‘త్సారాఅత్’ బట్టకూ, తోలుకూ, గోడకూ కూడా వస్తుంది. గ్రీకులోకి అది పొలుసుల చర్మవ్యాధిని చెప్పే ‘లెప్రా’గా వెళ్లింది, మనకు ‘కుష్ఠు’ అయింది. ఆయుర్వేదంలో కుష్ఠం అంటే 18 రకాల చర్మవ్యాధులు, కాబట్టి ఆ ఎంపిక మరీ తప్పు కాదు. కానీ ఇవాళ తెలుగులో ఆ మాట వింటే నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొన్న బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బే గుర్తొస్తుంది. అది బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమవుతుంది. అయినా మన దేశంలో 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016 దాకా పుస్తకాల్లో ఉంది. క్రైస్తవుల విడాకుల చట్టంతో సహా అయిదు వ్యక్తిగత చట్టాల్లోంచి ఈ జబ్బు పేరు తీసేసింది 2019లో. ఆ రోగంతో పోరాడి కోలుకున్న మనిషి ఆదివారం చర్చిలో బల్ల మీద కూర్చుని ‘కుష్ఠు’ను పాపానికి గుర్తుగా వింటున్నాడు. వాక్యం చదివేవాళ్లు ముందుగా ఆయన వైపు చూసి, ఇది మీ జబ్బు గురించి కాదని చెప్పాలి.