అరల మధ్య నుంచి సూపర్ బౌల్‌కి: మధ్యలో మాయమైన ఏళ్ల సంగతి

మా ఫ్యామిలీ గ్రూపులో మా బాబాయి పొద్దున్నే మోటివేషన్ మెసేజ్‌లు పెడుతుంటాడు. పోయిన వారం కర్ట్ వార్నర్ కథ మళ్లీ వచ్చింది. ఇంగ్లిష్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్నదే, ఎవరో తెలుగు చేశారు. సారాంశం ఇది:

"కర్ట్ వార్నర్ నా అన్నవాళ్లు లేని పేదవాడు. సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దుకుంటూ ఏళ్లు గడిపాడు. ఎవ్వరూ అతన్ని నమ్మలేదు. ఒకరోజు అదృష్టం తలుపు తట్టింది. రాత్రికి రాత్రే సూపర్ బౌల్ హీరో అయ్యాడు. ఇక వెనక్కి తిరిగి చూడలేదు. అతనికి సాధ్యమైంది మీకెందుకు కాదు? సాకులు మానండి."

కింద పద్నాలుగు చప్పట్లు, నాలుగు దండాలు. ఈ ఆటను పదేళ్లుగా చూస్తున్నవాడిని కాబట్టి నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పావు వంతు నిజానికి ముప్పావు వంతు తాలింపు వేశారు. అసలు కథ ఇంతకంటే బాగుంటుంది, అదీ నా బాధ.

తెలియనివాళ్లకు ఒక మాట. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట. ఆ బంతిని విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. జట్టు మొత్తం అతని చేతి మీద ఆధారపడుతుంది. ఆ లీగ్ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్, దాని ఫైనలే సూపర్ బౌల్.

"నా అన్నవాళ్లు లేని పేదవాడు."

వార్నర్ 1971లో అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో పుట్టాడు, సీడర్ ర్యాపిడ్స్‌లో పెరిగాడు. చిన్నప్పుడే అమ్మానాన్నలు విడిపోయారు. డబ్బున్న ఇల్లు కాదు, నిజమే. కానీ అనాథ కాదు. అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అన్నదమ్ములున్నారు. రీజిస్ అనే క్యాథలిక్ హైస్కూల్లో ఆడాడు, ఆ తర్వాత నార్తర్న్ అయోవా యూనివర్సిటీలో చదివాడు. అనాథను చేస్తే కన్నీళ్లు ఎక్కువ వస్తాయని చేశారు, అంతే.

కష్టం చూపించాలంటే కాలేజీ రోజులే చాలు. ఆఖరి సంవత్సరం వరకు అతను జట్టులో మూడో క్వార్టర్‌బ్యాక్. అంటే ముందున్న ఇద్దరికీ ఏదైనా అయితే తప్ప మైదానంలో అడుగు పెట్టే పని లేదు. ఏళ్ల పాటు బెంచీ మీద కూర్చున్నాడు. 1993లో, ఆఖరి ఏడాదిలో, అవకాశం దొరికితే ఆ కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల గుంపు) మొత్తంలో ఉత్తమ అఫెన్స్ ఆటగాడిగా, అంటే దాడి వైపు ఆడేవాళ్లలో మేటిగా, ఎంపికయ్యాడు.

"సూపర్‌మార్కెట్‌లో ఏళ్లు గడిపాడు."

ఇక్కడే కథను బాగా వంచారు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునేదాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1994 డ్రాఫ్ట్‌లో అతన్ని ఏ జట్టూ తీసుకోలేదు. గ్రీన్ బే ప్యాకర్స్ మాత్రం ట్రయల్‌కి పిలిచింది. అక్కడ అప్పటికే ఉన్నవాళ్లు ఎవరో చూడండి: బ్రెట్ ఫావ్, మార్క్ బ్రూనెల్, టై డెట్మర్. ఆ మరుసటి ఏడాది నుంచి ఫావ్ వరుసగా మూడేళ్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నాడు. డెట్మర్ కాలేజీ ఆటలో అతి పెద్ద అవార్డైన హైజ్‌మన్ గెలిచి వచ్చినవాడు. ఆ ముగ్గురినీ దాటి ఒక చిన్న కాలేజీ కుర్రాడికి చోటెక్కడ? సీజన్ మొదలవకముందే పంపించేశారు.

అప్పుడే సీడర్ ఫాల్స్‌లోని హై-వీ స్టోర్‌లో నైట్ షిఫ్ట్‌లో చేరాడు, గంటకు ఐదున్నర డాలర్లకు. ఇది నిజం. కానీ ఫార్వర్డ్ వదిలేసిన సంగతి ఇంకోటి ఉంది: అదే సమయంలో తను చదివిన యూనివర్సిటీ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా కూడా పని చేస్తున్నాడు. అంటే ఆటకు దూరమై, ఆశలు వదులుకుని డబ్బాలు సర్దుకున్న మనిషి కాదు. రోజూ ఫుట్‌బాల్ మధ్యే ఉంటూ, ఇల్లు గడవడానికి రాత్రి పని చేసిన మనిషి. పైగా 1995 సీజన్‌కే డెమోయిన్ నగరంలోని అయోవా బార్న్‌స్టార్మర్స్ జట్టులో ఉన్నాడు, జీతానికి ఆడుతున్నాడు. ఏళ్లు గడిచింది అక్కడ, కిరాణా అరల మధ్య కాదు.

"ఎవ్వరూ నమ్మలేదు."

ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ కోచ్ స్టీవ్ మరియూచీ అతన్ని పంపేటప్పుడే చెప్పాడు: నీలో సత్తా ఉంది, కాకపోతే ఇంకా సిద్ధంగా లేవు అని. అది అవమానం కాదు, ఉన్న మాట. ఇందులో ఒక తమాషా ఉంది. అయిదేళ్ల తర్వాత అదే మరియూచీ శాన్ ఫ్రాన్సిస్కో జట్టుకు హెడ్ కోచ్. వార్నర్ జట్టు మీద శాన్ ఫ్రాన్సిస్కో అప్పటికి వరుసగా పదిహేడు మ్యాచ్‌లు గెలిచి ఉంది. 1999 అక్టోబర్‌లో వార్నర్ వాళ్ల మీద ఐదు టచ్‌డౌన్లు (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు) విసిరి ఆ వరుసను తెంపాడు. 'ఇంకా' సిద్ధంగా లేవన్న మాటలో ఆ 'ఇంకా' ఎంత సరైనదో మరియూచీకి ఆ రోజు బాగానే తెలిసి ఉంటుంది.

ఇక బ్రెండా, వార్నర్ భార్య. ఆమెను ఫార్వర్డ్‌లో ఒక్క ముక్కలో కూడా పెట్టలేదు. ఆమె అమెరికా మెరీన్ దళంలో పనిచేసి వచ్చింది, వార్నర్ కంటే వయసులో నాలుగేళ్లు పెద్ద, విడాకులయ్యాయి, ఇద్దరు పిల్లలు. పెద్దబ్బాయికి పసితనంలోనే తలకు దెబ్బ తగిలి చూపు చాలావరకు పోయింది. ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపుల మీద సంసారం నెట్టుకొస్తూ నర్సింగ్ చదివింది. ప్యాకర్స్ పంపించేశాక వార్నర్ తలదాచుకున్నది బ్రెండా అమ్మానాన్నల ఇంట్లోనే. 1996లో ఆ పెద్దవాళ్లిద్దరూ అర్కన్సాలో టోర్నడోకు బలైపోయారు. 1997లో పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లల్నీ వార్నర్ దత్తత తీసుకున్నాడు. ఇంత మంది ఉన్న ఇంటిని పక్కన పెట్టి 'ఎవ్వరూ నమ్మలేదు' అనడానికి నోరెలా వచ్చిందో.

"ఒకరోజు అదృష్టం తలుపు తట్టింది, రాత్రికి రాత్రే..."

దీనికి కొంచెం ఎక్కువ చెప్పాలి, కథకు ఆయువుపట్టు ఇదే.

బార్న్‌స్టార్మర్స్ ఆడింది అరీనా ఫుట్‌బాల్. ఐస్ హాకీ ఆడేంత స్థలంలో, కప్పు కింద ఆడే ఆట. ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానం వంద గజాలుంటే ఇది యాభై. అక్కడ జట్టుకు పదకొండు మంది, ఇక్కడ ఎనిమిది. చుట్టూ మెత్తలు కట్టిన గోడలు. పెద్ద లీగ్ అభిమానులు దీన్ని సర్కస్ అని తీసిపారేసేవాళ్లు. కానీ క్వార్టర్‌బ్యాక్‌కి ఇంతకంటే కఠినమైన బడి ఉండదు. స్థలం లేదు, సమయం లేదు. బంతి చేతికి అందీ అందగానే ఎవరికి వేయాలో తేల్చుకోవాలి, ఇద్దరు డిఫెండర్ల మధ్య సందులోంచి పంపాలి. పొరపాటైతే దాక్కోవడానికి చోటు కూడా ఉండదు. వార్నర్ మూడు సీజన్లు ఇదే పని చేశాడు. 1996, 1997 రెండేళ్లూ జట్టును ఆ లీగ్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు, రెండేళ్లూ లీగ్ ఉత్తమ జట్టులో చోటు సంపాదించాడు.

1997లో చికాగో బేర్స్ ట్రయల్‌కి పిలిచింది. హనీమూన్‌లో మోచేతి మీద ఏదో కుట్టింది, సాలీడు అంటారు. బంతి విసిరే చెయ్యే వాచి ఆ ట్రయల్ పోయింది. అదృష్టం తలుపు తట్టిందంటున్నారుగా, ఇదీ తట్టడమే మరి.

ఆ తర్వాత సెయింట్ లూయిస్ ర్యామ్స్ ఒప్పందం చేసుకుంది, చేసుకుని యూరప్‌కి పంపింది. 1998లో ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్‌లో ఆమ్‌స్టర్‌డామ్ అడ్మిరల్స్ తరఫున ఆడి, విసిరిన బంతులతో జట్టును ముందుకు జరిపిన గజాల్లోనూ టచ్‌డౌన్లలోనూ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. అక్కడ అతనికి బ్యాకప్‌గా ఉన్న జేక్ డెలోమ్ కూడా తర్వాత కరోలైనాను సూపర్ బౌల్‌కి నడిపించాడు. తిరిగొచ్చాక ర్యామ్స్‌లో మళ్లీ మూడో క్వార్టర్‌బ్యాకే. ఆ ఏడాది మొత్తం మీద ఒకే ఒక్క మ్యాచ్‌లో దిగాడు, పదకొండు బంతులు విసిరితే నాలుగు అందాయి.

1999 మొదట్లో క్లీవ్‌లాండ్ జట్టు కొత్తగా మళ్లీ పుట్టింది. పాత జట్లు వదులుకున్న ఆటగాళ్ల జాబితాలోంచి ఏరుకోమని వాళ్లకు అవకాశమిచ్చారు. ర్యామ్స్ వదులుకున్న పేర్లలో వార్నర్ ఉన్నాడు. క్లీవ్‌లాండ్ తీసుకోలేదు. తీసుకుని ఉంటే కథ ఏమయ్యేదో ఎవరి ఊహ వాళ్లది.

ఆగస్టులో, సన్నాహక మ్యాచ్‌లో, ర్యామ్స్ అసలు క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతింది. కోచ్ డిక్ వర్మీల్ ప్రెస్ ముందు కన్నీళ్లు పెట్టుకుంటూనే, వార్నర్ వెంట నిలబడి మంచి ఆట ఆడతామని చెప్పాడు. సీజన్ ముగిసేసరికి వార్నర్ విసిరింది 4,353 గజాలు, 41 టచ్‌డౌన్లు. లీగ్ అత్యుత్తమ ఆటగాడు. 2000 జనవరి 30న టెనెసీ మీద 23-16తో సూపర్ బౌల్ గెలుపు, 414 గజాలు, ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడూ అతనే.

అతను ఒంటిచేత్తో మోశాడనుకోకండి. ముందు ఏడాది నాలుగే మ్యాచ్‌లు గెలిచిన ఆ జట్టు ఆ వేసవిలో బంతితో పరిగెత్తే మార్షల్ ఫాక్‌ని తెచ్చుకుంది, విసిరిన బంతి అందుకునే రిసీవర్ టోరీ హోల్ట్‌ని డ్రాఫ్ట్ చేసింది. మరో రిసీవర్ ఐజాక్ బ్రూస్, క్వార్టర్‌బ్యాక్‌కి కాపు కాసే ఓర్లాండో పేస్ అప్పటికే ఉన్నారు. అఫెన్స్ కోచ్ మైక్ మార్ట్స్ పద్ధతి ఏమిటంటే, రిసీవర్ వెనక్కి తిరగకముందే అతను చేరబోయే చోటికి బంతి వెళ్లిపోవాలి. రెప్పపాటులో తేల్చుకుని గురి తప్పకుండా వేయడం. అరీనాలో మూడేళ్లు వార్నర్ నేర్చుకున్నది అచ్చంగా అదే.

"ఇక వెనక్కి తిరిగి చూడలేదు."

తిరిగి చూడటం కాదు, వెనక్కే వెళ్లాడు. 2001లో రెండోసారి లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, కానీ సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ చేతిలో ఓడాడు. తర్వాత వేలు విరిగింది. 2003 మొదటి మ్యాచ్‌లో ఆరుసార్లు బంతి జారవిడిచి చోటు పోగొట్టుకున్నాడు. 2004లో ర్యామ్స్ వదిలేసింది. న్యూయార్క్ జెయింట్స్‌కి వెళ్తే సీజన్ మధ్యలో కొత్త కుర్రాడు ఈలై మ్యానింగ్ కోసం పక్కన పెట్టారు. అరిజోనాకి వెళ్తే అక్కడా ఇంకో కొత్త కుర్రాడు. మళ్లీ బెంచీ. 37 ఏళ్ల వయసులో అరిజోనాను దాని చరిత్రలో మొదటిసారి సూపర్ బౌల్‌కి చేర్చి, 27-23తో ఓడాడు. 2010లో ఆట మానేశాడు, 2017లో ఆ ఆట దిగ్గజాలకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికయ్యాడు.

"అతనికి సాధ్యమైంది మీకెందుకు కాదు?"

ఈ ప్రశ్న అడిగేముందు ట్రెంట్ గ్రీన్ సంగతి చూడాలి. అతనూ పుట్టింది సీడర్ ర్యాపిడ్స్‌లోనే, వార్నర్ పెరిగిన ఊళ్లో. హైస్కూలు చదివింది సెయింట్ లూయిస్‌లో. 1993లో ఎనిమిదో రౌండ్‌లో డ్రాఫ్ట్ అయ్యాడు, ఏళ్ల పాటు బెంచీ మీద కూర్చున్నాడు, 1998లో వాషింగ్టన్‌లో అవకాశం వస్తే నిలబడ్డాడు, ఆఖరికి తను చదువుకున్న ఊరి జట్టు ర్యామ్స్‌కు మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా వచ్చాడు. సాకులు చెప్పినవాడు కాదు, కష్టపడనివాడూ కాదు. ఫాక్, బ్రూస్, హోల్ట్ అందరూ అతని కోసం సిద్ధంగా ఉన్నారు. ఒక ఆగస్టు సాయంత్రం మోకాలి మీద ఒక దెబ్బ. తర్వాత కాన్సస్ సిటీకి వెళ్లి, వరుసగా మూడు సీజన్లు నాలుగు వేల గజాలు దాటాడు.

ఇదంతా గ్రూపులో రాశాను. బాబాయి చదివి, "మరి ఈ గ్రీన్ గురించి మెసేజ్ ఏదైనా ఉందా, పెడతాను" అన్నాడు. ఎంత వెతికినా దొరకలేదు.