వెనక వరుసలో కూర్చోబెట్టి నైతికత నేర్పలేము

ఈ రోజు మధ్యాహ్నం బెంగళూరులో, నేను పాఠాలు చెప్పే కాలేజీలో జరిగిన ఒక గంట తరగతి గురించి రాస్తే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

ఎంబీబీఎస్ విద్యార్థులకూ మా బీఎస్సీ నర్సింగ్ పిల్లలకూ కలిపి వైద్య నైతికత పాఠం పెట్టారు. ఇలాంటి ఉమ్మడి తరగతి కావాలని మూడేళ్లుగా అడుగుతున్నదాన్ని కనుక ఎంతో ఆశతో వెళ్లాను. అప్పటికే డాక్టరు పిల్లలు ముందు వరుసల్లో, మా పిల్లలు వెనక గోడ దగ్గర కూర్చుని ఉన్నారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదట, తమంతట తామే వెళ్లి కూర్చున్నారట. అన్నిటికంటే ముందు నన్ను బాధపెట్టింది అదే.

చర్చకు ఇచ్చిన కేసు ఏ వార్డులోనైనా కనిపించేదే. పెద్దాయనకు క్యాన్సర్, ఆ సంగతి నాన్నకు చెప్పవద్దని కొడుకు డాక్టరును వేడుకుంటున్నాడు. అరగంట సేపు ముందు వరుసల వారే మాట్లాడారు. అప్పుడు చిత్తూరు నుంచి వచ్చి చదువుకుంటున్న మా అమ్మాయి లేచి, "సార్, కొడుక్కి మాట ఇచ్చేది మీరు. రాత్రి రెండు గంటలకు 'నాకేమైంది తల్లీ' అని ఆయన అడిగేది మమ్మల్ని. మేమేం చెప్పాలి?" అంది. "అది డాక్టర్లు తేల్చుకునే విషయం, మీరు నోట్ చేసుకోండి" అన్నారు తరగతి నడుపుతున్న పెద్దమనిషి. పిల్ల కూర్చుండిపోయింది.

ఆ గంట మొత్తంలో వినిపించిన అసలైన నైతిక ప్రశ్న అదొక్కటే. మాట ఇచ్చినవారు రౌండ్స్ ముగించుకుని వెళ్లిపోతారు, ఆ మాటను తెల్లవార్లూ మోయవలసింది డ్యూటీలో ఉన్న సిస్టర్. అబద్ధం చెబితే పెద్దాయనకు ఆమె మీద నమ్మకం పోతుంది, నిజం చెబితే ఆమె ఉద్యోగానికే ముప్పు.

వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. నర్సు నుంచి డాక్టరు నేర్చుకునేది కూడా ఉందన్నది అందులోనే ఉంది. మన దగ్గర ఒకే గదిలో కుర్చీలు వేస్తే చాలు, ఉమ్మడి విద్య అయిపోయిందనుకుంటున్నారు.

నర్సుకు నోరు మెదపకపోవడం నేర్పితే ఏమవుతుందో 1966లో అమెరికాలో ప్రచురితమైన హాఫ్లింగ్ ప్రయోగం చూపించింది. ముఖపరిచయం లేని డాక్టరు ఫోన్ చేసి, రోజుకు 10 మిల్లీగ్రాములు మించకూడదని సీసా మీదే రాసి ఉన్న మందును 20 మిల్లీగ్రాములు ఇమ్మంటే, 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి సిద్ధపడ్డారు. అది ఉత్తుత్తి మందు కనుక, ఇచ్చేలోపే వారిని ఆపారు కనుక ప్రమాదం లేదు. వార్డులో అలా ఆపేవారు ఎవరుంటారు?

ఆ మాటకొస్తే నేనూ ఆ 21 మందిలో ఒకదాన్నే. ఇరవై ఏళ్ల క్రితం, ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో కొత్తగా చేరిన రోజుల్లో, మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒకామె ఆపరేషన్‌కు ముందు హౌస్ సర్జన్ ఇంగ్లీషు ఫారం నా చేతిలో పెట్టి, "మీ భాషే కదా సిస్టర్, సంతకం పెట్టించండి" అన్నాడు. "ఏం రాసుందమ్మా?" అని ఆమె అడిగితే "ఆపరేషన్‌కే" అన్నాను. సంతకం పెట్టింది. నాలుగో రోజు నా చెయ్యి పట్టుకుని, ఇక నెలసరి ఎప్పుడొస్తుందని అడిగింది. గర్భసంచి తీసేశారని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. వివరించవలసినది ఆపరేషన్ చేసే డాక్టరేననీ, ఆయన వచ్చి చెప్పేదాకా సంతకం పెట్టించనని అనే హక్కు నాకు ఉందనీ నాకు ఎవరూ నేర్పలేదు. ఆ హౌస్ సర్జన్‌కూ ఎవరూ నేర్పలేదు. చదువుకునే రోజుల్లో మా ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఈ సంగతి మాట్లాడించి ఉంటే, ఆమె ఆ ప్రశ్నను ఆపరేషన్‌కు ముందే అడిగి ఉండేది.

రాత్రి ఎనిమిదింటికి మా అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "మేడమ్, నేను అడగకూడనిది అడిగానా?" అంది. లేదని చెప్పాను. వచ్చే తరగతిలో రెండు వైపుల పిల్లలనూ కలిపి ఆరుగురు చొప్పున కూర్చోబెట్టాలని ప్రిన్సిపాల్‌కు లేఖ రాశాను. చర్చకు మొదటి ప్రశ్నగా ఆ అమ్మాయి అడిగిన ప్రశ్ననే, ఆమె మాటల్లోనే, అందులో రాసి పెట్టాను.