శివారా? నీళ్లందుతున్నాయా మరి?

మొన్న ఒక వార్తలో ‘బెంగళూరు శివారు మారతహళ్లిలో’ అని చదివి ఒళ్లు మండింది. మారతహళ్లి శివారేమిటండీ! అక్కడ రెండు గదుల ఇంటికి ఒక్క నెల అద్దె కట్టి చూస్తే తెలుస్తుంది.

పేపరు భాషలో ఊరి నడిమధ్యన లేనిదల్లా శివారే. మా కోనసీమలో ఆ మాటకో లెక్కుంది. రెవెన్యూ కాగితాల్లో పెద్ద ఊరి కింద ఉండే చిన్న పల్లె శివారు. ‘ఫలానా ఊరికి శివారు’ అంటాం, దేనికో చెప్పకుండా వదిలెయ్యం. ఇంకోటి కాలువ శివారు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు అందరి చేలూ తడిపి, ఏమైనా మిగిలితే వచ్చే చోటు. దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నీళ్ల వంతులు పెట్టినప్పుడు మా నాన్న అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టంట పోయేవాడు. పైవాళ్లు బోదెకి, అదే చేలోకొచ్చే పిల్లకాలువకి, అడ్డంగా తొక్కిన గడ్డీ మట్టీ లాగి పారేసి, బురద కాళ్లతో వచ్చి పడుకునేవాడు. తెల్లారేసరికి మళ్లీ అడ్డమే.

పొలిమేర సంగతి వేరు. దానికో రాయి ఉంటుంది, అమ్మవారుంటుంది, ఇటో అటో తేలిపోతుంది. బెంగళూరు లాల్‌బాగ్ బండ మీద, ఆ ఊరు కట్టించిన కెంపేగౌడ పేరుతో ఉన్న గోపురం, పొలిమేర గుర్తుగా కట్టారని చెప్పే నాలుగింటిలో ఒకటి. ఇప్పుడు దానికి నాలుగు వైపులా ఊరే. ఔటర్ రింగ్ రోడ్డుకైతే పేరులో తప్ప ఔటర్ ఎక్కడా లేదు.

2007లో బెంగళూరు నగరపాలక సంస్థగా బీబీఎంపీ ఏర్పడినప్పుడు 110 పల్లెల్ని ఊళ్లో కలిపారు. కాగితం మీద పొలిమేర ఆ రోజే జరిగింది. ఆ పల్లెల కోసం తలపెట్టిన కావేరి మంచినీళ్ల పథకం ఐదో దశ ప్రారంభమైంది మాత్రం 2024 అక్టోబరులో. లెక్కేసుకోండి, పదిహేడేళ్లు! ఆ ఏడాది ఎండాకాలం వర్తూరు వైపు మా అపార్ట్‌మెంటులో రాత్రి పదకొండింటికి ట్యాంకరొస్తే, నీళ్లు మా సంపులోనే పడుతున్నాయా, పక్క బ్లాకుకి మళ్లిస్తున్నారా అని లుంగీ ఎగ్గట్టి సెల్లు లైటు వేసి చూస్తూ నిలబడ్డాను. వాచ్‌మన్ నవ్వాడు. నవ్వడూ మరి.

ఈ ఇంట్లోకి మారిన కొత్తలో అమ్మ ఫోనులో అడిగింది, ఎక్కడరా అని. బెంగళూరు శివారులోనే అమ్మా అన్నాను. ఎంత దూరం అనలేదు. “శివారా? నీళ్లందుతున్నాయా మరి?” అంది.

ఈమధ్య పైపు నీళ్లొస్తున్నాయని గొప్పగా చెప్పాను.

“ఎవరి తరవాత?” అంది.