స్పోర్ట్ కోచింగ్ డిగ్రీ గారికి బెంగళూరు పీటీ సారు రాయునది

మహారాజశ్రీ ఆన్‌లైన్ మాస్టర్స్ డిగ్రీ ఇన్ స్పోర్ట్ కోచింగ్ అండ్ అడ్మినిస్ట్రేషన్ గారి దివ్య సముఖమునకు,

బెంగళూరు హూడి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో పీటీ సారుగా పనిచేస్తున్న మీ విద్యార్థి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీ సర్వర్లు క్షేమమని తలుస్తాను. నిన్న రాత్రి మెయింటెనెన్స్ అని చెప్పి చాలాసేపు కనపడలేదు కాబట్టి అడుగుతున్నాను.

ముందుగా మీ వల్ల నాకు కలిగిన మేలు చెప్పుకోవాలి. మాది అనంతపురం వైపు పల్లెటూరు. మా దగ్గర అమెరికా ఎమ్మెస్‌కున్న విలువ బోరు పడిన పొలానికి కూడా లేదు. మీ దగ్గర చేరానని ఇంట్లో చెప్పిన వారానికే మా పెద్దమ్మ ఊరంతా చాటేసింది, మావాడు అమెరికా ఎమ్మెస్ చేస్తున్నాడు, అదీ బెంగళూరులో ఉండి చేస్తున్నాడు అని. పెళ్లిళ్ల పేరయ్య నా బయోడేటాలో ‘ఎం.ఎస్., యు.ఎస్.ఎ.’ అని పెద్దక్షరాలతో ఎక్కించాడు. ఒక పెళ్లివారు వచ్చి కాఫీ తాగుతూ వీసా ఏ దశలో ఉందని అడిగారు. వీసా అక్కర్లేదండీ, ఇంట్లో కూర్చుని చదివేదే అన్నాను. అమ్మాయి మేనమామ కప్పు కింద పెట్టి, ‘కోచింగ్ అంటే ఐఐటీకా, నీట్‌కా?’ అన్నాడు. ఆటలకండీ అన్నాను. మిగిలిన కాఫీ ఆయన తాగలేదు.

అది వదిలేద్దాం. మీ కాలమానం గురించి మాట్లాడుకుందాం. అసైన్‌మెంట్ ఆదివారం రాత్రి 11:59 లోపు ఇవ్వాలంటారు. అది మీ ఈస్టర్న్ టైమ్. మాకు అప్పటికి సోమవారం తెల్లారిపోయి ఉంటుంది. చలికాలంలో ఉదయం 10:29. మార్చి రెండో ఆదివారం మీ దేశంలో గడియారాలు గంట ముందుకు జరుపుకుంటారు కాబట్టి అప్పట్నుంచి 9:29. నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. హూడిలో గడియారాన్ని ఎవరూ ముట్టుకోరు. అయినా నా గడువు మాత్రం ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. నిమిషం ఆలస్యమైనా పది శాతం మార్కులు కోత. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉషకు కాంస్యం సెకనులో వందో వంతు తేడాతో పోయింది. ఆ సంగతి మీ పాఠాల్లో ఎక్కడా లేదు గానీ, ఆ బాధ నా చేత ప్రతి సోమవారం అనుభవింపజేస్తున్నారు.

సోమవారం మొదటి పీరియడ్ నాకు ఆరో తరగతి. ఒక సోమవారం పిల్లల్ని బస్సుల చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తమని చెప్పి, సిగ్నల్ బాగా వచ్చే గోడ పక్కన నిలబడి, ‘అథ్లెట్‌ను గమనించడంలో కోచ్ పాత్ర’ అనే వ్యాసాన్ని ఫోన్‌లోంచి అప్‌లోడ్ చేశాను. అది ఎక్కేదాకా తల ఎత్తలేదు. పిల్లలు ఎన్ని రౌండ్లు తిరిగారో, అసలు ఎంతమంది తిరిగారో నాకు తెలీదు. వ్యాసానికి ‘ఏ’ గ్రేడ్ వచ్చింది. గమనించే దృష్టి చాలా సునిశితంగా ఉందన్నారు.

బస్సులంటే గుర్తొచ్చింది. ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ పేపర్లో మీరు టెక్సస్‌లోని ఆలెన్ అనే ఊరి హైస్కూల్ స్టేడియం గురించి ఇచ్చారు. 2012లో తెరిచారు. ఖర్చు సుమారు 6 కోట్ల డాలర్లు. 18,000 మంది కూర్చోవచ్చు. హైస్కూల్ అండీ! తర్వాత కాంక్రీటులో పగుళ్లు కనపడితే 2014లో మూసేసి బాగుచేసుకున్నారు. నువ్వే అథ్లెటిక్ డైరెక్టర్‌వైతే ఈ సంక్షోభాన్ని ఎలా ఎదుర్కొంటావు అన్నది ప్రశ్న. పగుళ్లొచ్చాయని గ్రౌండ్ మూసెయ్యడం నేను మొదటిసారి విన్నాను. మా దగ్గరైతే పగుళ్లని వాలీబాల్ కోర్టు గీతలుగా వాడుకుంటాం.

రెండో భాగంలో మీ సంస్థలోని క్రీడా సదుపాయాన్ని వర్ణించమన్నారు. మా స్కూల్ గ్రౌండ్ సంగతి ఇదీ. పొద్దున పసుపు బస్సులు పిల్లల్ని దింపి అక్కడే ఆగుతాయి. సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిపోతాయి. అంటే పిల్లలున్నంతసేపూ గ్రౌండ్ ఉండదు, గ్రౌండ్ ఉన్నప్పుడు పిల్లలుండరు. ఈ సమస్యకు మీ పాఠ్యపుస్తకంలో పరిష్కారం దొరుకుతుందని బాగా వెతికాను. టికెట్ల ధర ఎలా నిర్ణయించాలి, తినుబండారాల స్టాల్ కాంట్రాక్టు ఎలా రాసుకోవాలి, పార్కింగ్ ఆదాయం ఎలా పెంచుకోవాలి అనేవి దొరికాయి. పార్కింగ్ విషయంలో మేం మీకంటే ముందున్నామని అప్పుడే తెలిసింది. చివరికి బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు లెక్కగట్టే స్వాట్ అనాలిసిస్ రాశాను. బలం: బస్సుల నీడ. ముప్పు: రివర్స్‌లో వచ్చే బస్సు. హైజంప్‌కి కొన్న పరుపు రాత్రిపూట వాచ్‌మన్ దగ్గర ఉంటుంది కాబట్టి దాన్ని ‘వనరుల ఉమ్మడి వినియోగం’ కింద వేశాను. మార్కులు బాగానే పడ్డాయి.

పీరియడైజేషన్ కూడా మీ పుణ్యమే. సోవియట్ శాస్త్రవేత్త మత్వేయెవ్ 1960ల్లో చెప్పిన పద్ధతి. ఏడాది శిక్షణ మాక్రోసైకిల్, దాంట్లో కొన్ని వారాలు మీసోసైకిల్, ఒక్క వారం మైక్రోసైకిల్. పోటీ రోజుకి పిల్లవాడు సరిగ్గా పీక్‌లో ఉండేలా భారం పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. నిజంగా అందమైన లెక్క, వెక్కిరింపు కాదు. దానికి కావలసిందల్లా పోటీ ఎప్పుడో ముందే తెలియడం. మా తాలూకా మీట్ సంగతి గురువారం సాయంత్రం వాట్సాప్‌లో వస్తుంది, శనివారం పొద్దున పోటీ. మధ్యలో ఉన్న శుక్రవారం యూనిట్ టెస్ట్. కాబట్టి నా మాక్రో, మీసో, మైక్రో మూడూ శుక్రవారం సాయంత్రం బస్సులు వెళ్లాక నాలుగున్నరకు మొదలై ఐదున్నరకు పూర్తవుతాయి. అసైన్‌మెంట్‌లో ఉన్నదున్నట్టు రాస్తే, ప్లాన్‌లో స్పెసిఫిసిటీ లోపించిందని ప్రొఫెసర్ గారు ఎర్ర గీత గీశారు. ఇంతకన్నా స్పెసిఫిక్‌గా టైము చెప్పడం నా వల్ల కాదు.

బోర్గ్ స్కేల్ మాత్రం మా పిల్లలకి బాగా నచ్చింది. స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసిన కొలబద్ద అది. పని ఎంత కష్టంగా ఉందో చేసేవాడే 6 నుంచి 20 లోపు ఒక అంకెలో చెప్పాలి. ఆ అంకెను పదితో గుణిస్తే ఇంచుమించు గుండె వేగం వస్తుందని 6తో మొదలుపెట్టాడు. ఏడో తరగతిని రెండు రౌండ్లు తిప్పి అడిగాను. ఒకరి తర్వాత ఒకరు ‘ఇరవై సార్’, ‘ఇరవై సార్’. ఇంత చిన్న పరుగుకే ప్రాణం మీదికి వచ్చిందా అని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే వాళ్లు ఇరవైకి ఇరవై అనుకున్నారు. ఒక్క పాప నిజంగానే ఆలోచించి 14 అంది. ఆ సాయంత్రం వాళ్లమ్మ ఫోన్ చేసి, మా అమ్మాయికి ఆరు మార్కులు ఎక్కడ పోయాయో చెప్పండి సార్, ఇంట్లో ప్రాక్టీస్ చేయిస్తాం అన్నారు.

డిస్కషన్ బోర్డు గురించి ఒక్క మాట. ప్రతి వారం మన అభిప్రాయం రాసి, ఇద్దరు క్లాస్‌మేట్లకు జవాబివ్వాలన్నది మీ నియమం. నియమం పుణ్యమా అని అందరం అందరితో ఏకీభవిస్తున్నాం. ఆటల లోకంలో ఇంత సామరస్యం నేనెక్కడా చూడలేదు. ఖోఖో గురించి రాస్తే ఒహాయో నుంచి ఒకాయన ‘గ్రేట్ పాయింట్’ అన్నాడు. నేనక్కడ పాయింటేమీ పెట్టలేదు, చతికిలబడి కూర్చునే పద్ధతి వర్ణించానంతే.

టైటిల్ నైన్ దగ్గర మాత్రం నేను కొంచెం ఆగిపోయాను. 1972 నాటి మీ చట్టం. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఆడామగా తేడా చూపకూడదు. ఆటల్లో దాన్ని తేల్చడానికి 1979లో మూడు పరీక్షలు పెట్టారు. ఆడేవాళ్లలో అమ్మాయిల వాటా చదివేవాళ్లలో వాళ్ల వాటాకు తగినట్టు ఉండాలి, లేదా అవకాశాలు పెంచుకుంటూ వచ్చినట్టు చరిత్ర ఉండాలి, లేదా వాళ్ల ఆసక్తికి తగ్గ ఏర్పాట్లు పూర్తిగా ఉండాలి. ఒకటి నెగ్గినా చాలు. మా స్కూల్‌కి వేసి చూశాను. ఏడో తరగతి దాకా పరుగుపందెంలో సగం మంది అమ్మాయిలే. ఎనిమిదిలోకి రాగానే ఒక్కొక్కరే రావడం మానేస్తారు. ఒకరికి ఫౌండేషన్ కోర్సు. ఇంకొకరి అమ్మమ్మ కర్నూలు నుంచి ఫోన్ చేసి పిల్ల నల్లబడుతోందంది. లాంగ్‌జంప్‌లో జిల్లా దాకా వెళ్లాల్సిన పిల్ల ‘కాలు నొప్పి సార్’ అని ఆగిపోయింది. కాలికి ఏమీ లేదు, బట్టలు మార్చుకోవడానికి కింద గది లేదు. ఆ మాట నాతో చెప్పలేక ఆయమ్మతో చెప్పుకుంది. ఇదే పేపర్లో రాశాను. ఆధారాలు ఎలా చూపాలో చెప్పే ఏపీఏ నియమావళి ఏడో ఎడిషన్ ప్రకారం ఆయమ్మ ‘పర్సనల్ కమ్యూనికేషన్’ కిందికి వస్తుందనీ, తోటి పరిశోధకులు పరిశీలించిన, అంటే పీర్ రివ్యూ అయిన ఆధారం ఒకటి జతచేయమనీ కామెంట్ వచ్చింది. గది కోసం ప్రిన్సిపాల్ మేడమ్‌కి పెట్టుకున్న అర్జీకి ఏ కామెంటూ రాలేదు.

అడ్మినిస్ట్రేషన్ పేపర్ల గురించి ఎక్కువ చెప్పను. మా దేశంలో క్రీడలను ఏలడానికి డిగ్రీ చదవాలని మీరనుకోవడమే నాకు ముద్దొచ్చింది. సంఘాల పదవుల్లో డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు ఉండకూడదని 2011 స్పోర్ట్స్ కోడ్‌లో ప్రత్యేకంగా రాసుకోవాల్సి వచ్చిన దేశం మాది. 2022 ఆగస్టులో బయటివాళ్ల జోక్యం ఉందంటూ ఫిఫా మా ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసి, రెండు వారాలు తిరక్కుండానే ఎత్తేసింది. దీన్ని కేస్ స్టడీగా పంపితే, పాత్రలు మరీ ఎక్కువయ్యాయి, కాస్త సులువైన ఉదాహరణ తీసుకోమన్నారు.

మా మేనేజ్‌మెంట్‌కి మాత్రం మీరంటే ప్రాణం. మీరింకా చేతికి రాకముందే బ్రోషర్‌లోకి ఎక్కారు. ‘అమెరికన్ యూనివర్సిటీలో శిక్షణ పొందిన కోచ్’ అని నా ఫొటో కింద వేశారు. ఆ ఏడాది ఫీజు రసీదులో ‘స్పోర్ట్స్ అకాడమీ చార్జీలు’ అని కొత్త వరస చేరింది. నా పే స్లిప్‌లో అన్నీ పాత వరసలే. 9 నుంచి 12 తరగతులకు రోజూ ఒక ఆటల పీరియడ్ ఉండాలని సీబీఎస్‌ఈ 2018లోనే చెప్పింది. టైమ్‌టేబుల్‌లో ఉంది కూడా. పోర్షన్ కాలేదని మ్యాథ్స్ మిస్ ఆ పీరియడ్ అడిగి తీసుకుంటారు. ఇప్పుడు మరింత మర్యాదగా అడుగుతున్నారు, అమెరికాలో చదువుతున్నవాణ్ని కదా.

ఇక అసలు విన్నపం. అది ప్రాక్టికమ్ సంగతి. ఒక అనుభవజ్ఞుడి దగ్గర ఇన్ని గంటలు పనిచేసి సంతకం తెమ్మన్నారు. నేను ఎగిరి గంతేశాను. మా ఇంటి దగ్గర ప్రభుత్వ కాలేజీ గ్రౌండ్‌లో తెల్లారుజామున పిల్లల్ని పరుగెత్తించే పెద్దాయన ఉన్నాడు. చింతామణి వైపు తెలుగాయన. అందరూ మేష్ట్రు అంటారు. పిల్లలు గట్టు మీద విడిచిన చెప్పుల్ని తిరగేసి, ఏ పక్క అరిగిందో చూసి, ఏ పిల్లవాడు పాదం ఎలా వేస్తాడో చెప్తాడు. పరుగు మొదలుపెట్టకముందే ఒక్కొక్కణ్నీ ఆపి ‘రాత్రి ఏం తింటివప్పా?’ అని అడుగుతాడు. టీ, బన్ను అన్నవాడికి ఆ రోజు స్టార్టింగ్ బ్లాకులు సర్దే పని, పరుగు లేదు. వాడికి ఇంటినుంచి తెచ్చిన రాగిముద్ద పెట్టి, తిన్నాక పక్కన కూర్చోబెట్టుకుని మిగతావాళ్ల పరుగు చూపిస్తాడు. స్టేట్ మీట్‌లో పతకాలు కొట్టిన పిల్లలు ఆయన దగ్గర్నుంచి వెళ్లినవాళ్లే. ఆయన చదువు పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ, అదే ఎన్ఐఎస్, ఇచ్చే కోచింగ్ డిప్లొమా.

మీ ఫారంలో సూపర్‌వైజర్‌కి మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి అని ఉంది. డిప్లొమా చెల్లదన్నారు. ఎయిర్‌ఫోర్స్‌లో చేసి, పాటియాలాలో డిప్లొమా తెచ్చుకుని, ఉషను తయారుచేసిన ఓ.ఎం. నంబియార్‌కు 1985లో, ద్రోణాచార్య అవార్డు పెట్టిన ఏడాదే, ఆ అవార్డు వచ్చింది. ఇచ్చినవాళ్లు మీ ఫారం చూసినట్టు లేరు. మన హైదరాబాద్ బడి పంతులు రహీమ్ సాబ్ 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ బంగారాలు తెప్పించాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానంలో నిలబెట్టాడు. ఆయన్ని సూపర్‌వైజర్‌గా పెడితే అర్హత గడిలో ఏం నింపాలో నాకిప్పటికీ తోచలేదు.

మా స్కూల్లో మాస్టర్స్ ఉండి, ఖాళీగా సంతకం పెట్టగలిగింది హెచ్‌ఆర్ మేడమ్ ఒక్కరే. ఎంబీయే. మీరు వెంటనే ఆమోదించారు. ఆవిడ ఇంతవరకు గ్రౌండ్‌లోకి రాలేదు, హీల్స్ పగుళ్లలో ఇరుక్కుంటాయని. ఫారం తీసుకెళ్తే, ‘ఇది ఫైర్ సేఫ్టీదా సార్?’ అని అడిగి, రెండు ఫోన్ కాల్స్ మధ్యలో అన్ని గంటలకూ ఒకేసారి సంతకాలు పెట్టి ఇచ్చారు. మేష్ట్రు దగ్గర గడిపిన పొద్దుటిపూటలు ఏ గడిలోనూ పట్టలేదు.

ఆఖరి గడిలో, ‘సూపర్‌వైజర్ వద్ద నేర్చుకున్న అతి ముఖ్యమైన నైపుణ్యం’ రాయమన్నారు. అబద్ధం రాయడం ఇష్టం లేక, క్యాజువల్ లీవ్ కావాలంటే మూడు రోజుల ముందే పోర్టల్‌లో పెట్టుకోవాలని రాశాను. ‘ఎక్సీడ్స్ ఎక్స్‌పెక్టేషన్స్’ అని ఇచ్చారు.

ఇట్లు,
తమ విధేయ విద్యార్థి,
పీటీ సారు,
హూడి, బెంగళూరు