ఒక్క ఫోమ్ డబ్బాతో ఇల్లంతా బాగుపడదు

తొలకరి దగ్గరపడుతోందంటే మన హనుమకొండ, కాజీపేట, వరంగల్ కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరగడం మొదలవుతుంది. ఒకాయన డబ్బా ఊపి, సన్నటి గొట్టంతో స్లాబు పగులులోకి పసుపు నురగ కొడతాడు. చూస్తుండగానే అది పొంగి పగులంతా నిండిపోతుంది. కింద మెసేజ్: "అయిదు వందల డబ్బా ఒక్కటి చాలు. స్లాబు ఉరవదు, ఎండ దిగదు, ఎలుకలు పాములు రావు. స్విచ్‌బోర్డు రంధ్రాలు, వాటర్ ట్యాంకు పగుళ్లు, దర్వాజ సందులు అన్నీ బంద్. డ్యాములకు, మిర్చి కోల్డ్ స్టోరేజీలకు వాడేది ఇదే. రామప్ప గుడికి తేలే ఇటుకలు పెట్టిన కాకతీయుల తెలివి ఇదే. మేస్త్రీ అక్కర్లేదు, పిల్లలు కూడా చేయొచ్చు. పది మందికి పంపండి."

పంపే ముందు ఇది చదవండి. ఇళ్ల మరమ్మతులు చేయించడమే నా పని. ఈ డబ్బా మీద నాకేం కోపం లేదు, తగిన చోట నేనూ వాడిస్తాను. కానీ ఈ మెసేజ్ నమ్మి వానలకు ముందు చేతిలో ఉన్న నాలుగు పైసలు నురగ మీద పెట్టి, అసలు రిపేరును వాయిదా వేసుకుంటున్న కుటుంబాలను చూస్తుంటే బాధేస్తుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

ముందు ఆ డబ్బాలో ఏముంటుందో తెలియాలి. షాపుల్లో దీన్ని పీయూ ఫోమ్ అంటారు, అంటే పాలీయురేథేన్. లోపల చిక్కటి రసాయనం, దాన్ని బయటికి నెట్టే గ్యాసు ఉంటాయి. ఆ గ్యాసు చాలా డబ్బాల్లో ప్రొపేన్, బ్యూటేన్ రకమే. మన వంటగ్యాసులో ఉండేవీ అవే. నురగ బయటికి రాగానే గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతుంది. పై పొర పది పదిహేను నిమిషాల్లో చేతికి అంటకుండా ఆరుతుంది, లోపలి దాకా గట్టిపడాలంటే ఒక రోజు పట్టొచ్చు. గ్యాసు మండుతుంది, నురగకు తేమ కావాలి. ఈ రెండూ వీడియోలో ఎక్కడా చెప్పరు.

"స్లాబు ఉరవదు" అన్న మాటతో మొదలుపెడదాం. ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. హంటర్ రోడ్డు వైపు ఒక బంగ్లా మీద, పిట్టగోడ మొదట్లో ఎండాకాలం ముందు కొట్టిన ఫోమ్‌ను వానలు పడ్డాక చూశాను. పసుపు రంగు పోయి ముదురు గోధుమ రంగుకు తిరిగింది. వేలితో రాస్తే పై పొర పొడిపొడిగా రాలింది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఈ నురగను అలాగే తినేస్తాయి, పైన రంగో ప్లాస్టరో లేకపోతే కొన్ని నెలల్లోనే పాడవుతుంది. బ్లేడుతో అడ్డంగా కోస్తే లోపల బన్ను ముక్కలా గాలి గదులు, వేలితో నొక్కితే నీటి చెమ్మ. పొంగిన ఫోమ్‌ను స్లాబుకు సమంగా కోసి ఉంచారు, దాంతో పైనున్న గట్టి పొర పోయి ఆ గదుల నోళ్లు తెరుచుకున్నాయి. పక్కనే పగులు అంచుకూ ఫోమ్‌కూ మధ్య దారం పట్టేంత సందు. స్లాబు పగలు ఎండకు వ్యాకోచించి రాత్రికి ముడుచుకుంటుంది, ఆ కదలికకు ఫోమ్ ఒక అంచు వదిలేసింది. నీరు ఆ సందులోంచే దిగుతోంది. అంతకన్నా చెడు ఏమిటంటే, ఒకసారి దిగిన నీరు ఫోమ్ కింద త్వరగా ఆరదు. చెమ్మ నిలిచిన చోట స్లాబులోని ఇనుప చువ్వలకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు ఉబ్బి కింద పెచ్చులు ఊడతాయి.

ఇంకో సంగతి. ఇంట్లో నీరు కారే చోటు పైనే పగులు ఉంటుందనుకోవద్దు. నీరు స్లాబులో అడ్డంగా పాకి ఎక్కడో కారుతుంది. వాననీటి పైపు చుట్టూ, పిట్టగోడ మొదట్లో, వాటం లేక నీళ్లు నిలిచే మూలల్లో ముందు వెతకాలి. పగులు దొరికాక దాన్ని వి ఆకారంలో చెక్కి, దుమ్ము పోయేలా కడిగి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో నింపి, పైన వాటర్‌ప్రూఫ్ కోటింగు వేయాలి. తర్వాత మడులు కట్టి ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిపి కింద చూడాలి. ఇది మేస్త్రీ పనే. డబ్బా కన్నా ఖర్చు ఎక్కువే, కానీ వచ్చే వానాకాలానికి మళ్లీ చేయాల్సిన పని ఉండదు.

మరి "డ్యాములకు వాడేది ఇదే" అంటారు కదా? అక్కడ పాలీయురేథేన్ రకం పదార్థం వాడే మాట నిజం. అయితే అది కాంక్రీటులోకి రంధ్రాలు వేసి, పంపుతో ఒత్తిడి పెట్టి ఎక్కించే గ్రౌటు. పగులు లోతు దాకా వెళ్లి గట్టిపడేలా దాన్ని వేరుగా తయారుచేస్తారు. హార్డ్‌వేర్ షాపు డబ్బాకు దానితో పేరు కలిసిందే తప్ప పని కలవదు.

"స్లాబు మీద కొడితే ఎండ దిగదు, కోల్డ్ స్టోరేజీ టెక్నాలజీ" అన్నది రెండో మాట. దీంట్లో సగం నిజం ఉంది కాబట్టే జనం తేలిగ్గా నమ్ముతారు. ఈ నురగలోంచి వేడి చాలా నెమ్మదిగా ప్రయాణిస్తుంది. ఫ్రిజ్ గోడల్లో ఉండేదీ ఇదే జాతి. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిని దాచే కోల్డ్ స్టోరేజీల్లో వాడే పఫ్ ప్యానెళ్లలో కూడా రెండు రేకుల మధ్య ఇలాంటి నురగే ఉంటుంది. కానీ ఆ ప్యానెల్ ఫ్యాక్టరీలో ఒకే మందంతో పోసినది, రెండు వైపులా రేకు కప్పినది. దానికి ఎండ తగలదు, నీరు తగలదు.

ఇక డబ్బాతో లెక్క కట్టి చూడండి. 750 మిల్లీలీటర్ల డబ్బా మీద చాలా కంపెనీలు 45 లీటర్ల దాకా నురగ వస్తుందని రాస్తాయి. 10 అడుగులకు 12 అడుగుల గది అంటే సుమారు 11 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల మందం వేయాలంటే 550 లీటర్లకు పైనే నురగ కావాలి. ఒక్క చుక్క వృథా కాకపోయినా 13 డబ్బాలు, మెసేజ్ చెప్పిన ధరకే 6,500 రూపాయలు. గొట్టంతో కొట్టే డబ్బాలో చేతిపనికి అంత నురగ రాదు, సగమే వస్తే ఖర్చు రెట్టింపు. ఇదంతా ఒక్క గదికే. అంత మందం ఒకేసారి కొడితే లోపలికి తేమ అందక మధ్యలో బంకగానే మిగిలిపోతుంది కూడా. పొరలు పొరలుగా కొట్టాలి, మన ఎండాకాలపు పొడి గాలిలో అయితే కొట్టే చోట ముందుగా నీళ్లు చిలకరించాలి. ఇంత చేశాక ఎండకు పొడైపోకుండా దాని మీద ఇంకో కప్పు వేయాలి.

మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో స్లాబు కింద పడుకునే వాళ్ల కష్టం నాకు తెలుసు. వాళ్లకు పనికొచ్చేది తెల్ల పూత. ఎండను లోపలికి రానిచ్చి ఆపడం కన్నా పైనుంచే తిప్పి పంపడం చవక. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ ఆలోచనతోనే. మంచి కూల్ రూఫ్ పెయింటు కొనలేకపోతే సున్నం రెండు మూడు పూతలు వేసినా తేడా తెలుస్తుంది, వానలకు పోతే మళ్లీ ఎండాకాలం ముందు వేసుకోవచ్చు.

రామప్ప ముచ్చట కూడా ఇక్కడే చెప్పాలి. పాలంపేటలో 1213 నాటి ఆ గుడి గోపురానికి నీటిపై తేలేంత తేలిక ఇటుకలు వాడారన్నది నిజం. వాటి ఉద్దేశం గుడి పైభాగం బరువు తగ్గించడం. అవి కాల్చిన మట్టి ఇటుకలు, ఎనిమిది వందల ఏళ్ల ఎండావానలు చూశాయి, నిప్పు తగిలినా మండవు. ఆ శిల్పుల గొప్పతనాన్ని తెచ్చి ఒక్క ఎండాకాలం నిలవని నురగకు అంటగట్టడం నాకు మనసొప్పడం లేదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా స్విచ్‌బోర్డుది. "బోర్డు వెనక రంధ్రాల్లో కొట్టండి, బల్లులు రావు, షాక్ కొట్టదు" అని వీడియోలో చెప్తాడు. ఎంత మాత్రం చేయొద్దు. కరెంటు పారే వైరు వేడెక్కుతుంది, ఆ వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోవాలి. నురగలో కప్పెడితే అది బయటికి పోయే దారి ఉండదు. బ్రిటన్ వైరింగ్ నియమాల్లో, వేడిని ఆపే పదార్థంలో అర మీటరు, అంతకు మించి మునిగిన వైరు మామూలుగా మోసే కరెంటులో సగమే మోయగలదని లెక్క వేస్తారు. మన ఇళ్లలో ఏసీ, గీజరు, మోటరు వైర్లు అసలే వాటి శక్తి మేరకు పనిచేస్తుంటాయి. పైగా మామూలు ఫోమ్ నిప్పు తగిలితే అంటుకుంటుంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. 2013లో బ్రెజిల్‌లోని కిస్ నైట్‌క్లబ్‌లో 242 మంది చనిపోయింది కప్పుకు అతికించిన పాలీయురేథేన్ ఫోమ్‌కు బాణసంచా నిప్పు అంటుకునే. అది మెత్తటి రకం ఫోమ్, కానీ రసాయన కుటుంబం ఇదే. మంటకు ఓర్చుకునే రకం అని కొన్ని డబ్బాలు వేరుగా అమ్ముతారు. అవి కూడా పరీక్షించిన కొలతల సందులకే, బోర్డు డబ్బా లోపల నింపడానికి కాదు. బల్లులు రాకూడదంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పైపు నోటికి సరైన మూత పెట్టించండి.

ఎలుకలు, పాముల విషయం చిన్నది. పాము కన్నం వేయదు, ఎలుక వేసిన కన్నంలోంచి వస్తుంది. ఎలుకకు ఫోమ్ ఒక అడ్డే కాదు, ఒక్క రాత్రిలో కొరికేసి పొద్దునకు గోడ మొదట్లో పసుపు ముక్కలు పోసి పెడుతుంది. పందికొక్కు సంగతి చెప్పనే అక్కర్లేదు. కన్నంలో ఇనుప జాలీ ముక్క కుక్కి సిమెంటు పెట్టండి, మోరీ పైపు నోటికి జాలీ బిగించండి, తలుపు కింది సందుకు పట్టీ కొట్టించండి. నేలకు ఆనుకుని ఫోమ్ కొడితే ఇంకో బెడద కూడా ఉంది. చీమలు దాంట్లో గూళ్లు పెడతాయి, చెదలు దాన్ని తొలుచుకుంటూ మన కంటపడకుండా టేకు దర్వాజ దాకా వెళ్తాయి.

వాటర్ ట్యాంకు మాట చెప్పిన మనిషి ఆ డబ్బా మీది రాతలు కూడా చదివి ఉండడు. ఫోమ్ పాలిథిలీన్‌కు అంటదని చాలా డబ్బాల మీదే రాసి ఉంటుంది. మేడల మీద కనిపించే ప్లాస్టిక్ ట్యాంకులు పాలిథిలీన్‌వే. గట్టిపడ్డాక గోరుతో లేపితే మొత్తం ఊడి వస్తుంది. అదే రకం ప్లాస్టిక్‌ను వేడితో కరిగించి అతికేవాళ్లు ఉంటారు, వాళ్లను పిలవండి. ఇక సంపు లోపల తాగే నీళ్లలో ఈ నురగ వద్దే వద్దు.

దర్వాజలు, కిటికీల చుట్టూ సందులు అన్నారు చూడండి, అది మాత్రం ఖరారైన నిజం. ఈ డబ్బా పుట్టిందే ఆ పనికి. యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ కిటికీలు బిగించేవాళ్లు ఫ్రేముకూ గోడకూ మధ్య దీన్నే కొడతారు. ఏసీ పైపు గోడలోంచి పోయే రంధ్రానికి కూడా బాగా పనికొస్తుంది. సందును నీళ్లతో కొంచెం తడిపి, సగానికే కొట్టాలి, మిగతాది అదే పొంగి నింపుకుంటుంది. నిండుగా కొడితే ఆ పొంగుకు ఫ్రేము లోపలికి వంగి తలుపు పట్టేస్తుంది. అందుకే ఫ్రేము మధ్యలో కొయ్య ముక్కలు అడ్డం పెట్టి కొడతారు, తక్కువ పొంగే రకం డబ్బాలు కూడా దొరుకుతాయి. ఆరాక పొంగిన భాగం కోసి, ఎండ తగిలే వైపు ప్లాస్టరు గానీ సీలెంటు గానీ వేసి రంగు కొట్టేయాలి.

"పిల్లలు కూడా చేయొచ్చు" అన్న మాటకు నాకు నిజంగా కోపం వస్తుంది. డబ్బాలోని రసాయనంలో ఎండీఐ ఉంటుంది, అది ఐసోసయనేట్ అనే రసాయనాల జాతిది. కంట్లో పడితే నీళ్లతో పదిహేను నిమిషాలు కడుగుతూ డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. చర్మానికి అంటి గట్టిపడితే ఏ ద్రావకానికీ కరగదు, రోజులపాటు రుద్దుకోవాలి. ఆస్తమా ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి, ఒకసారి ఐసోసయనేట్ పడని ఒళ్లయిందంటే తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఊపిరి ఆడక ఇబ్బంది పడతారు. దీనికి ఎదురుగా ఇంకో మెసేజ్ తిరుగుతోంది, ఇది 1984 భోపాల్ గ్యాసేనని. అదీ తప్పే. భోపాల్‌లో లీకైంది మిథైల్ ఐసోసయనేట్, చాలా తేలిగ్గా ఆవిరయ్యే విషం. ఎండీఐ అంత సులువుగా ఆవిరి కాదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు, తెరిచిన కిటికీలు ఉంటే పెద్దవాళ్లు భయం లేకుండా పని చేసుకోవచ్చు.

గ్యాసు సంగతి మాత్రం మరవద్దు. అది గాలి కన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. మూసిన గదిలో కొడుతుండగా పొయ్యి, దేవుడి దీపం, అగరుబత్తి ఏది వెలుగుతున్నా ప్రమాదమే. డబ్బాను 50 డిగ్రీలు దాటిన వేడిలో పెట్టొద్దని దాని మీదే ఉంటుంది, మే ఎండలో తలుపులు వేసిన కారు లోపల ఆ వేడి తేలిగ్గా దాటుతుంది. అయిపోయిన డబ్బాలో కూడా ఎంతో కొంత గ్యాసు మిగిలే ఉంటుంది. వీధి చివర చెత్త తగలబెట్టే కుప్పలో పడేస్తే అది పేలి, మంట పక్కన నిలబడ్డ వాళ్ల మొహాన పడుతుంది. దాన్ని విడిగా పెట్టి, ఫోమ్ డబ్బా అని చెప్పి చెత్త బండి వాళ్ల చేతికే ఇవ్వండి.