ఇంకెంత, పది నిమిషాలే!

లోయలోకి దిగి జలపాతం చూసి వచ్చే కాలిబాటల మీద ఒక వ్యవస్థ తరతరాలుగా పనిచేస్తోంది. దానికి కార్యాలయం లేదు, జీతభత్యాలు లేవు, నియామకానికి పరీక్ష లేదు. అయినా ఎక్కడికి వెళ్లినా సేవలో తేడా ఉండదు. జలపాతం చూసి వస్తున్న మనిషికి, ఇంకా చూడవలసిన మనిషి ఎదురుపడతాడు. నడుము మీద చేతులు పెట్టుకుని, "ఇంకా ఎంత దూరమండీ?" అని అడుగుతాడు. వచ్చేవాడు ఒకసారి వెనక్కి చూసి, "దగ్గరకు వచ్చేశారు. ఇంకెంత, పది నిమిషాలే" అంటాడు. అడిగినవాడు అరగంట నడుస్తాడు. అక్కడ ఇంకొకరు ఎదురవుతారు. అప్పుడూ పది నిమిషాలే.

దీన్ని పచ్చి అబద్ధమని తేల్చి, తెలియనప్పుడు తెలియదని చెప్పాలని వాదించే సత్యసంధులు ఉన్నారు. నాకు వారి మీద గౌరవమే. అయితే మండుటెండలో, రాళ్ల మధ్య, సీసాలో నీళ్లు అడుగంటిన వేళ నిలబడి వారు ఆ మాట అనగా నేను ఇంతవరకు వినలేదు. అందువల్ల ఈ వ్యవస్థ తరఫున నాలుగు మాటలు రాయడం బాధ్యతగా భావిస్తున్నాను.

నిజం చెప్పే ప్రయత్నాలు జరగకపోలేదు. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం రాసిపెట్టాడు: ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు అదనంగా మరో గంట. అమెరికాలోని షెనాండోవా నేషనల్ పార్కు వారు ఇంకొంచెం లోతుకు వెళ్లారు. ఎక్కవలసిన ఎత్తును అడుగుల్లో తీసుకుని రెండుతో హెచ్చిస్తారు. దాన్ని మైళ్లలో ఉన్న దూరంతో మళ్లీ హెచ్చిస్తారు. వచ్చినదానికి వర్గమూలం కడతారు. 50 లోపు వస్తే సులభం, 50 నుంచి 100 వరకు మధ్యస్థం, 200 దాటితే అతి కఠినం. రానూపోనూ నాలుగు మైళ్లు, ఎక్కుడు 800 అడుగులు ఉన్న బాటను తీసుకోండి. 6,400కు వర్గమూలం 80. అంటే మధ్యస్థం. నైస్మిత్ లెక్కన గంటా నలభై నాలుగు నిమిషాలు. బడి వదిలాక వర్గమూలంతో మళ్లీ పని పడదని నిశ్చింతగా ఉన్నవారు ఇది గమనించాలి: మన మోకాళ్ల భవిష్యత్తును నిర్ణయిస్తున్నది అదే.

ఈ లెక్కల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, మనుషులు లేకపోవడం తప్ప. వాగు దాటేటప్పుడు ఏ రాయి మీద కాలు పెట్టాలో తేల్చుకోవడానికి పట్టే సమయం అందులో లేదు. కొత్త బూట్లు కొని, వాటిని మొదటిసారి ఈ బాట మీదే తొడిగిన బావగారు లేరు. నీళ్ల సీసా ఎవరి సంచిలో పెట్టారన్న విచారణ లేదు. ఆ విచారణలో సాక్షులను పిలవడం, పాత కేసులు తిరగదోడడం కూడా ఉంటుంది, దానికి కనీసం పావుగంట కేటాయించాలి. ప్రతి తూనీగనూ ఫోటో తీసే వ్యక్తి ప్రతి బృందంలోనూ ఒకరు ఉంటారు. ఆ వ్యక్తి కోసం వర్గమూలం లోపల ఒక గుణకం చేర్చాలని సంబంధిత గణితజ్ఞులను కోరుతున్నాను.

పైగా లోయ స్వభావమే వేరు. కొండయితే ముందు కష్టపెట్టి, తర్వాత దింపుతుంది. లోయ అడగకుండానే అప్పు ఇచ్చి, మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చాక వడ్డీతో వసూలు చేస్తుంది. మనిషి అత్యంత వేగంగా నడిచేది చదును నేల మీద కాదని, సుమారు మూడు డిగ్రీల దిగుడులోనని, అప్పుడు గంటకు ఆరు కిలోమీటర్ల వేగం వస్తుందని వాల్డో టోబ్లర్ అనే భౌగోళిక శాస్త్రవేత్త 1993లో ఒక సూత్రంగా చెప్పాడు. అందువల్ల దిగేటప్పుడు ఎవరికైనా తన ఆరోగ్యం మీద మంచి అభిప్రాయం కలుగుతుంది. కొందరు ఈలపాట అందుకుంటారు కూడా. ఇక కిందికి పోయేకొద్దీ చల్లగా ఉంటుందని ఆశపడేవారు గ్రాండ్ కాన్యన్ సంగతి తెలుసుకోవాలి. అక్కడ అంచు మీద కంటే అడుగున దాదాపు 11 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడి ఉంటుంది. ఎక్కి రావలసింది ఆ వేడిలోంచే.

తిరిగి వచ్చేవాడు ఎందుకు అబద్ధమాడతాడో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. అతను ఎక్కుతున్నాడు. అతని దగ్గర ఊపిరి కొద్దిగానే ఉంది. "ఈ మలుపు దాటాక రాళ్ల దిబ్బ వస్తుంది, దాని ఎడమ పక్కగా వెళ్లి వాగును రెండుసార్లు దాటితే చప్పుడు వినిపిస్తుంది, వినిపించగానే సంబరపడకండి, లోయ గోడలు శబ్దాన్ని మోసుకొస్తాయి, అక్కడి నుంచి ఇంకా చాలా ఉంది" అన్న నిజం పలకడానికి రెండు ఊపిరితిత్తులూ పూర్తిగా కావాలి. "పది నిమిషాలే" అనడానికి ముక్కుతో వదిలే గాలి చాలు. పొడవైన నిజానికీ పొట్టి అబద్ధానికీ మధ్య ఎంపికను ఇక్కడ శరీరమే చేస్తోంది. నీతిశాస్త్రాన్ని అనవసరంగా లాగవద్దు.

రెండో కారణం మరింత గౌరవప్రదమైనది. చెప్పేవాడు తన మాటను నిజంగానే నమ్ముతున్నాడు. జలపాతం దగ్గర మనిషికి ఏం జరుగుతుందో ఆలోచించండి. వచ్చీ రాగానే రాతి మీద కూలబడతాడు. "ఇంత మాత్రానికా ఇంత దూరం?" అని ఒకసారి అంటాడు, అది అందరూ అంటారు. బూట్లు విప్పి మడమ మీద లేచిన బొబ్బను చూసుకుని, కాళ్లు నీళ్లలో పెడతాడు. తుంపర ముఖానికి తగులుతుంది. పాకుడు రాయి మీద పక్క బృందంలోని యువకుడు విన్యాసం చేయబోయి వెల్లకిలా పడతాడు, పెద్దగా దెబ్బ తగలదు, కడుపారా నవ్వుకుంటారు. జలపాతం ముందు ఫోటోకు వరస కడతారు. తన వంతు వచ్చాక, ఇంతకుముందు తాను విసుక్కున్నవాళ్ల కంటే ఎక్కువసేపు నిలబడతాడు. ఇదంతా అయ్యేసరికి దారి కష్టం మనసులోంచి పోతుంది. బూట్లు తొడుక్కుని వెనక్కి బయలుదేరిన ఆ మనిషి, వచ్చిన మనిషి ఒకరు కారు. అతన్ని ప్రమాణం చేయించి అడిగినా పది నిమిషాలే అంటాడు.

ఇంకా ఎవరైనా మొండికేస్తే చివరి అస్త్రంగా భూగర్భ శాస్త్రం ఉంది. జలపాతం ఒకచోట నిలిచి ఉండేది కాదు. పైన గట్టి రాయి, కింద మెత్తని రాయి ఉన్న చోట, పడే నీరు మెత్తని పొరను తొలుస్తుంది. ఆధారం పోయిన పై రాయి విరిగి పడుతుంది. జలపాతం ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. నయాగరా ఇలాగే సుమారు 12,000 ఏళ్లలో దాదాపు 11 కిలోమీటర్లు వెనక్కి నడిచింది, నడిచినంత మేరా లోయను తవ్వుకుంటూ వెళ్లింది. సగటున ఏడాదికి మీటరుకు కాస్త తక్కువ. విద్యుత్తు కోసం నీటిని మళ్లించాక ఆ నడక బాగా నెమ్మదించిందనుకోండి. పాత వేగమే తీసుకుంటే, మనం నలభై నిమిషాలు నడిచేలోగా జలపాతం తల వెంట్రుక మందమంత దూరం జరిగిపోతుంది. కాబట్టి వారు చూసినప్పుడు పది నిమిషాల దూరంలోనే ఉండి, మనం వెళ్లేసరికి అది దూరమైందని న్యాయస్థానంలో వాదించవచ్చు. కొలతలు అడగకుండా ఉంటే కేసు గెలుస్తాం కూడా.

పురాణాల మద్దతూ లేకపోలేదు. బొంకినా పాపం అంటని సందర్భాలను శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి వరసపెట్టి చెప్పాడు. వాటిలో ప్రాణాపాయం ఒకటి. మధ్యస్థం అని బోర్డు ఉన్న బాటను ఆ పద్దు కింద చేర్చడానికి పండితులకు అభ్యంతరం ఉండకూడదు. మూడడుగులే అని అడిగి ముల్లోకాలు కొలుచుకున్న చరిత్ర కూడా ఆ కథలోనే ఉంది. దాని ముందు పది నిమిషాలని చెప్పి అరగంట నడిపించడం ఎంత?

అయితే ఈ రాయితీ దూరానికే వర్తిస్తుంది, మబ్బులకు వర్తించదు. ఈ ఒక్క విషయంలో వ్యంగ్యం పక్కన పెడతాను. ఇరుకు లోయలో నిలబడి తల పైకెత్తితే కనిపించేది పీలికంత ఆకాశం. అది నీలంగా ఉన్నంత మాత్రాన వరద రాదని కాదు. 1997 ఆగస్టులో అరిజోనాలోని ఆంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు మెరుపు వరదలో చనిపోయారు. ఆ వాన కురిసింది వారి మీద కాదు, ఎగువన కిలోమీటర్ల దూరంలో. అందుకే ఎగువన ఉరుము విన్నవాడు, వాగు నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు మారడం చూసినవాడు, ఊపిరి ఉన్నా లేకపోయినా ఎదురైన ప్రతివారికీ పొడవైన నిజమే చెప్పాలి. చీకటి పడే వేళ లోపలికి పోతున్నవారికీ అంతే.

మిగిలిన సమయాల్లో వ్యవస్థకు ఒకే ఒక్క బెడద ఉంది: చిన్నపిల్లలు. నాన్న భుజాల మీద కూర్చుని వస్తున్న ఐదేళ్ల పాపను "ఇంకా ఎంత దూరమమ్మా?" అని ముద్దుగా అడిగి చూడండి. "చాలా దూరం. నేను ఏడ్చాను. నాన్న కూడా కూర్చుండిపోయాడు" అని పొల్లుపోకుండా చెబుతుంది. తల్లి గబగబా ముందుకొచ్చి, "దానికేం తెలుసండీ, పక్కనే" అంటుంది. తండ్రి చెట్ల వంక చూస్తాడు. అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోతుంది. అడిగిన బృందంలో సగం మంది అక్కడే ఒక రాయి చూసుకుని కూర్చుంటారు, మిగతా సగం వారిని ఎలా లేపాలా అని చూస్తుంటారు. కనుక అటవీ అధికారులు బాట మొదట్లో పెట్టే బోర్డులో, చెత్త వేయరాదు, కోతులకు తిండి పెట్టరాదు అన్న వాక్యాల కింద మరొకటి చేర్చాలని విన్నవించుకుంటున్నాను: ఏడేళ్లలోపు పిల్లలను దూరం అడగరాదు.