ప్రమాదం జరగని రోజున మాట్లాడే ఆచార్యులు కావాలి

2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకై ఆర్.ఆర్. వెంకటాపురం వాసులను నిద్రలోనే కమ్మేసిన స్టైరిన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే ద్రవ రసాయనం) ఆవిరి గురించి విశాఖ ప్రజలకు మళ్లీ చెప్పనవసరం లేదు. ఇక్కడ చెప్పవలసింది వేరే ఉంది. స్టైరిన్‌ను చల్లగా ఉంచకపోయినా, అందులో కలిపే నిరోధక రసాయనం తగ్గిపోయినా దాని అణువులు తమంతట తామే గొలుసులుగా అల్లుకుంటూ వేడి పుట్టిస్తాయనీ, ఆ వేడి ఆ చర్యను ఇంకా తొందరపెడుతుందనీ, చివరకు ట్యాంకు ఆవిరిని బయటకు చిమ్ముతుందనీ రసాయన ఇంజినీరింగ్ బోధించే వారందరికీ తెలుసు. ఆ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువైనదనీ, నేలను అంటిపెట్టుకుని పల్లానికి పాకుతుందనీ, అది వ్యాపిస్తున్నప్పుడు గాలి వీచే దిక్కుకు అడ్డంగా మెరక వైపు వెళ్లాలనీ కూడా తెలుసు. ఫ్యాక్టరీ 1961 నుంచి అక్కడే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం అంతకంటే ముందు నుంచే ఈ నగరంలో ఉంది. అయినా వెంకటాపురంలో చాలామంది స్టైరిన్ అన్న పేరు మొదటిసారి విన్నది తమవాళ్లను ఆసుపత్రికి మోసుకుపోయిన ఆ ఉదయమే.

ఆ రాత్రి మళ్లీ లీకవుతోందన్న ప్రచారంతో చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి రోడ్లెక్కారు. ఇంటి ట్యాంకులో నీళ్లు వాడుకోవచ్చా, ఆవు పాలు పిల్లలకు పట్టవచ్చా, పెరట్లో కూరగాయలు తినవచ్చా అన్న సందేహాలు రోజుల తరబడి సాగాయి. వాటికి జవాబు చెప్పగలిగిన శాస్త్రజ్ఞులు ఈ ఊళ్లోనే ఉన్నారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ విచారణ సంఘం వేసినప్పుడు అందులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు సభ్యులుగా కూర్చున్నారు కూడా. చనిపోయిన పన్నెండు మంది గురించి ట్రిబ్యునల్‌కు నివేదిక ఇవ్వగలిగిన ఆ విజ్ఞానం, వాళ్లు బతికి ఉన్నప్పుడు వాళ్ల భాషలో, వాళ్లు చదివే పత్రికలో ఎందుకు చేరలేదన్నదే నా ప్రశ్న.

ప్రజాధనంతో నడిచే విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు తన శాస్త్రాన్ని పత్రికలో, రేడియోలో, టీవీలో ప్రజలకు వివరించడం ఉద్యోగంలో భాగం కావాలి. పాఠం చెప్పడం, పరిశోధన చేయడం ఎంత బాధ్యతో ఇదీ అంతే బాధ్యత కావాలి. ఇప్పుడది తీరిక ఉన్నవారి సరదాగా, గిట్టనివారి దృష్టిలో ప్రచార యావగా మిగిలింది. ఇందులో పత్రికల తప్పూ తక్కువేమీ కాదు. 1997 సెప్టెంబరులో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ అగ్నిప్రమాదం మొదలు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వరకూ, అక్కడి నుంచి 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా కర్మాగారంలో పదిహేడు మందిని బలిగొన్న పేలుడు వరకూ మీడియాకు ఆచార్యులు గుర్తొచ్చేది శవాలు లేచిన రోజునే. ఆ సాయంత్రం హడావిడిగా ఫోన్ చేస్తారు, ఒక్క వాక్యం అడుగుతారు, దాన్ని మంత్రి ప్రకటనకూ ప్రతిపక్ష నాయకుడి ఆరోపణకూ మధ్య ఇరికిస్తారు. మర్నాటికి కారణాలు ఇంకా తేలవు గనుక నిజాయితీ ఉన్న శాస్త్రవేత్త ఆ పూట చెప్పగలిగింది చాలా తక్కువ. అతను చెప్పగలిగినదంతా అంతకు ముందు నెలలో, ఏ గొడవా లేని వారంలో ఉంది. రియాక్టర్ల మధ్య పనిచేసే కార్మికుడు ఏ వాసన వస్తే పరుగెత్తాలో, ద్రావకాల ఆవిరి ఎప్పుడు నిప్పందుకుంటుందో, పరవాడలో, అచ్యుతాపురంలో ఇల్లు కట్టుకున్న కుటుంబం పక్క కర్మాగారాన్ని ఏయే ప్రశ్నలు అడగాలో ఆ వారంలోనే చెప్పాలి.

సాగరతీరం సంగతే చూడండి. ఆర్కే బీచ్‌లో ఇసుక తరిగి గట్టు కోతకు గురైన ప్రతిసారీ సముద్రం ముందుకొచ్చిందని శీర్షికలు వస్తాయి. భయం మిగులుతుంది, అవగాహన మిగలదు. మన తీరం వెంబడి ఇసుక నిలకడగా ఉండదు. నైరుతి రుతుపవన కాలంలో కెరటాలు దాన్ని ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనాలప్పుడు కొంత వెనక్కి తెస్తాయి, ఏడాది మొత్తం మీద లెక్క ఉత్తరం వైపే తేలుతుంది. 1970లలో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి కట్టిన అడ్డుగోడలు ఈ ప్రయాణాన్ని దక్షిణానే ఆపేస్తాయి. అక్కడ ఇసుక పేరుకుంటుంది, ఇవతల బీచ్‌కు రావలసిన వాటా రాదు. అందుకే పోర్టు అక్కడ డ్రెడ్జింగ్‌లో తవ్విన ఇసుకను ఇటు పంపు చేస్తూ ఉంటుంది. ఈ సంగతులు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని సముద్ర శాస్త్ర, భూగర్భ శాస్త్ర విభాగాల వారికీ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం వారికీ కొట్టిన పిండి. వీటిని తెలిసిన పాఠకుడు సముద్రాన్ని నిందించడు. ఈ ఏడాది ఎంత ఇసుక పంపు చేశారు, ఏ నెలలో చేశారు, ఎందుకు తగ్గింది అని నగరపాలక సంస్థనూ పోర్టునూ అడుగుతాడు. శాస్త్రం తెలిసిన పౌరుడి ప్రశ్నకు అధికారి జవాబు చెప్పక తప్పదు, భయపడిన పౌరుడికైతే సర్దిచెప్పి పంపేస్తాడు. ఆచార్యుడు రాసే ఒక వ్యాసానికి ఇంతకు మించిన ప్రయోజనం నేను ఊహించలేను.

ఇది జరిగే పనేనని చెప్పడానికి భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలే సాక్ష్యం. చాలా ఏళ్ల పాటు అవి సినిమా షూటింగులకూ, పిక్నిక్‌లకూ, లేఅవుట్లు వేసేవారి కన్నుకూ తప్ప ఎవరికీ పట్టలేదు. వేల ఏళ్ల సముద్ర మట్టాల ఎగుడుదిగుళ్లూ వాతావరణ మార్పులూ ఆ ఇసుక పొరల్లో నమోదై ఉన్నాయని భూగర్భ శాస్త్ర ఆచార్యులు పత్రికల్లో, సభల్లో పదేపదే చెప్పగా చెప్పగా జనానికి వాటి విలువ తెలిసింది. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. 2024లో అక్కడ తవ్వకాలు మొదలైనప్పుడు నగరమంతా ఒక్కసారిగా గొంతెత్తడానికి కారణం, ఆ దిబ్బలేమిటో జనానికి అప్పటికే తెలిసి ఉండటం.

మరి ఎక్కువ మంది ఎందుకు మాట్లాడరు? మాట్లాడినందుకు వారికి ఒరిగేది లేదు, పోయేది ఉంది. ఆచార్యుల నియామకాలకూ పదోన్నతులకూ లెక్కలోకి తీసుకునే పాయింట్లలో, యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) 2018 నిబంధనల ప్రకారం పరిశోధన పత్రానికి విజ్ఞాన శాస్త్రాల్లో 8, మానవీయ శాస్త్రాల్లో 10 పాయింట్లు వస్తాయి. విదేశంలో అంతర్జాతీయ సదస్సులో ప్రసంగిస్తే 7 వస్తాయి. లక్షల మంది చదివే తెలుగు దినపత్రికలో వ్యాసానికి ఆ పట్టికలో గడే లేదు. 2010 నిబంధనలు సాధారణ వ్యాసాలను కనీసం వృత్తి వికాసం కింద ప్రస్తావించేవి, ఆ కాస్త గౌరవమూ తర్వాత పోయింది. 2025 జనవరి నాటి ముసాయిదా సమాజ సేవను చెప్పుకోదగ్గ కృషిగా లెక్కిస్తామని అన్నది గనుక, అందులో మాతృభాషలో పత్రికా రచనను పేరు పెట్టి చేర్చమని అడగడానికి మన విశ్వవిద్యాలయాలకు మంచి అవకాశం ఉంది.

పోయేది మరీ తీవ్రమైనది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తన నియమావళి ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడాన్ని నిషేధిస్తుంది. దాన్ని కేంద్రీయ విశ్వవిద్యాలయాల అధ్యాపకులకు వర్తింపజేసే ప్రయత్నం 2018లో గట్టి ప్రతిఘటనను ఎదుర్కొంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో కాగితం మీది నియమం కంటే అలిఖిత భయం ఎక్కువ పనిచేస్తుంది. పూర్తికాలపు ఆచార్యుల కొలువులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోగా, తరగతులు కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల చేతుల మీదుగా నడుస్తున్నాయి. ఏటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే మనిషిని పక్క కర్మాగారపు కాలుష్యం గురించి రాయమనడం న్యాయం కాదు. ఇదే ఆంధ్ర విశ్వవిద్యాలయ తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి 1930లో బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా పదవినే వదులుకున్నారు. ఆ వారసత్వాన్ని విగ్రహానికి దండ వేసి గౌరవించినంత మాత్రాన సరిపోదు.

ఆచార్యులు పత్రికలకెక్కితే పాఠాలు కుంటుపడతాయనీ, విలేకరులు మాటలు వక్రీకరిస్తారనీ, టీవీ చర్చల్లో శాస్త్రం కేకల్లో కలిసిపోతుందనీ అభ్యంతరాలున్నాయి. ప్రతి విషయం మీదా అభిప్రాయం చెప్పే ఆచార్యులు ఉన్నారన్నదీ నిజమే. వీటికి మందు మౌనం కాదు, కట్టుబాటు. తన శాస్త్రం వరకే మాట్లాడాలి, తేలని విషయాన్ని తేలలేదనే చెప్పాలి, కేకల చర్చలకు వెళ్లకుండా తన పేరుతో వ్యాసం రాయాలి. అన్నిటికీ మించి, తాను పోర్టుకో పరిశ్రమకో కన్సల్టెన్సీ చేస్తుంటే, ఆ సంస్థ నిధులతో పరిశోధన నడుస్తుంటే, ఆ సంగతి వ్యాసం కిందే ప్రకటించాలి. పరిశ్రమల మధ్య ఉన్న విశాఖలో ఈ ఒక్క నియమం పాటించని నిపుణుడి మాటను నమ్మమని నేను ఎవరికీ చెప్పను.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది భాష. 1926లో ఈ విశ్వవిద్యాలయం మద్రాసు నుంచి వేరుగా పుట్టిందే తెలుగు ప్రాంతానికి సొంత విద్యాపీఠం కావాలన్న కోరికతో. నూరేళ్లు నిండే వేళకు ఇక్కడి పరిశోధనలో అధిక భాగం ఆంగ్ల జర్నళ్లలో, డబ్బు చెల్లిస్తే తప్ప తెరుచుకోని పుటల్లో ఉంది. పూడిమడక మత్స్యకారుడి వల గురించి, పాడేరు కాఫీ తోట నేల గురించి, గాజువాక బావుల్లో నీటి గురించి రాసిన పత్రాలు ఆ మత్స్యకారుడికీ, ఆ గిరిజన రైతుకూ, ఆ గృహిణికీ అందవు. తెలుగులో శాస్త్రం చెప్పలేమనడం సాకు మాత్రమే. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటివారు భౌతిక శాస్త్రాన్నీ జీవ పరిణామాన్నీ హైస్కూలు పిల్లలకు అర్థమయ్యే తెలుగులో రాసి చూపించారు. వ్యవహారంలో ఉన్న ఆంగ్ల పదాలను అలాగే ఉంచుకుని, వాక్యాన్ని మాత్రం తెలుగు వాక్యంగా నడిపితే చాలు. ఉత్తరాంధ్ర గడ్డ మీద గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడినది చదువు జనం మాట్లాడే భాషలో అందాలనే. ఆ పోరాటం కవిత్వంలో, కథలో గెలిచింది. శాస్త్రంలో ఇంకా సగంలోనే ఉంది.

కాబట్టి శతాబ్ది సందర్భంగా విశ్వవిద్యాలయం చేయదగిన పనులు కొన్ని కనిపిస్తున్నాయి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించే ప్రతి విద్యార్థీ నాలుగు పేజీల తెలుగు సారాంశం జతచేయాలి, అది అందరికీ ఉచితంగా అందుబాటులో ఉండాలి. ఏ విషయానికి ఎవరిని అడగాలో తెలిపే పట్టికను విలేకరుల చేతికి ఇవ్వాలి. జర్నలిజం విభాగంలో ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులైన సబ్ ఎడిటర్లను నియమించి ఆచార్యుల రాతలను వాడుక తెలుగులోకి దిద్దించాలి. కాంట్రాక్టు అధ్యాపకులు తమ శాస్త్ర పరిధిలో రాసిన దాని కారణంగా కొనసాగింపు నిలిపివేయబోమని పాలకమండలి లిఖితపూర్వకంగా తీర్మానించాలి. మొదటి విడత వ్యాసాలు పరవాడ, అచ్యుతాపురం, గాజువాక, గోపాలపట్నం ప్రాంతాలకు దినపత్రికలు వేసే జోన్ పేజీల్లో, వారానికి ఒకటి చొప్పున, ఏ సైరనూ మోగని రోజుల్లో రావాలి.